గేటు పోయి గుంత వచ్చింది

మా ఊరు రైలుకట్టకు తూర్పున ఉంది. బిట్రగుంట దాటి సముద్రం వైపుకు వస్తే వరిచేల మధ్యలో నలభై యాభై ఇళ్ళు, అంతే. బడి, బ్యాంకు, ఆస్పత్రి, నెల్లూరు బస్సు అన్నీ కట్టకు అవతలే. ఇవతల మేమూ, మా చేలూ, ఉప్పుగాలీ. మాకు ఏ పని పడినా ముందు కట్ట దాటాలి.

దాటే చోట అప్పట్లో గేటు ఉండేది. పెళ్ళయి నేను ఈ ఊరికి వచ్చిన రోజే అది మా ట్రాక్టరు ముందు పడింది. రెండు గూడ్సు బళ్ళు, వాటి వెనక ఒక ఎక్స్‌ప్రెస్సు. ఎండకు నా పెళ్ళిబొట్టు కరిగి ముక్కు దాకా కారింది. మా అత్త తన కొంగుతో తుడుస్తూ, ఈ గేటు దగ్గర కూర్చోవడం నేర్చుకుంటే ఈ ఊళ్ళో కాపురం నేర్చుకున్నట్టేనని చెప్పింది. అత్తంటే బయటి మనిషి కాదు, మా నాన్నకు సొంత అక్క. నన్ను చిన్నప్పటి నుంచి ఎత్తుకుని తిప్పిన మనిషి.

ఆమె చెప్పినట్టే అయింది. ఆ గేటు దగ్గర శనక్కాయలు ఒలుచుకున్నాం, తలల్లో పేలు చూసుకున్నాం, సంబంధాలు మాట్లాడుకున్నాం. కూత విని ఏ బండి వస్తుందో చెప్పేదాన్ని. విసుగ్గానే ఉండేది. కానీ ఎంతసేపు పడినా ఆ గేటు చివరికి లేచేది. ఆ సంగతి విలువ గేటు పోయాక తెలిసింది.

మూడేళ్ళ కిందట మా అత్తకు మూత్రపిండాలు చెడిపోయాయి. సోమవారం, గురువారం నెల్లూరు తీసుకుపోయి మిషను మీద రక్తం శుభ్రం చేయించాలి. వారానికి రెండుసార్లు, తప్పకూడదు. ఒకసారి తప్పితే కాళ్ళు బూరెల్లా పొంగుతాయి. రెండుసార్లు తప్పితే పడుకోలేదు, ఊపిరి అందక గోడకు ఆనుకుని కూర్చుని ఉంటుంది. మూడోసారి తప్పితే ఏమవుతుందని అడిగితే, ఆస్పత్రిలో డాక్టరమ్మ నా మొహం చూసి, తప్పనీయొద్దు అని మాత్రం అంది. అప్పటి నుంచి మా ఇంట్లో వారాలకు పేర్లు మారిపోయాయి. మిషను రోజు, మిషను మర్నాడు, మిషను ముందు రోజు.

ఆ ఏడే మా బావ, అంటే నా పెనిమిటి, అల్జీరియా పోయాడు. బావ షట్టరింగు మేస్త్రీ. కాంక్రీటు పోసే ముందు చెక్కలతో, రేకులతో అచ్చు కట్టే పని. ఆఫ్రికాకు పై అంచున ఉన్న దేశమట, అక్కడ ఎడారికి అడ్డంగా రోడ్డు వేస్తున్నారు, రోడ్డు కింద తూములు కట్టే మేస్త్రీలు కావాలని నెల్లూరు ఏజెంటు చెప్పాడు. ఎడారిలో తూములేంటని నేను నవ్వాను. నేను చదివింది అయిదో తరగతి, అయినా ఆ మాత్రం తెలుసు కదా, ఎడారిలో నీళ్ళుండవని. బావ కూడా నవ్వాడు. నవ్వుకుంటూనే నాలుగేళ్ళకు సంతకం పెట్టి పోయాడు.

అక్కడ వాళ్ళకు శుక్రవారం సెలవు. మాకు మధ్యాహ్నం రెండున్నర అయితే వాళ్ళకు పొద్దున పది. అత్తకు అన్నం పెట్టి, గిన్నెలు కడుక్కుని, ఫోను పంచలో స్తంభానికి ఆనించి కూర్చునేదాన్ని. సరిగ్గా మోగేది. బావ కబుర్లన్నీ రోడ్డు కబుర్లే. నెల్లూరు నుంచి కావలికి ఉన్నంత దూరం పోయినా ఒక్క టీ బంకు ఉండదట. కంప చెట్టు కూడా ఉండదట. వీళ్ళు ఇనప డబ్బాల్లాంటి గదుల్లో పడుకుంటారు. రొట్టె చేతికర్రంత పొడుగుంటుంది, పొద్దున విరిస్తే మెత్తగా, సాయంత్రం విరిస్తే కట్టెలాగా. నిన్న సాపు చేసిన రోడ్డు తెల్లారేసరికి ఇసకలో కనపడదు. అందుకని ఖర్జూరపు మట్టలతో రోడ్డు పొడుగునా దడి కడతారట, ఇక్కడ మనం సరుగుడు మొక్కలకు తాటాకు దడి కట్టినట్టు. ఆ దడిని చూసిన రోజు బావకు ఇల్లు గుర్తొచ్చి అన్నం సయించలేదని, ఆ మాట నాతో కాదు, వాళ్ళ అమ్మతో చెప్పాడు.

తూముల సంగతి కూడా బావే చెప్పాడు. అక్కడ ఏడాదిలో ఎప్పుడో ఒక రోజు వాన పడుతుంది. అదీ ఎక్కడో కొండల్లో పడుతుంది. వీళ్ళ దగ్గర ఎండ కాస్తూనే ఉంటుంది, ఉన్నట్టుండి ఎర్రటి నీళ్ళు గోడలాగా వస్తాయి. ఆ ఒక్క రోజు కోసం ఎద్దు నడిచిపోయేంత తూము కడతారట. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో, ఎక్కడికి పోతాయో తేలకుండా అచ్చు కట్టనివ్వరట. ఒక ముసలి గొర్రెలకాపరి వచ్చి, మీరు జెండా పాతిన చోట కాదు, నా చిన్నప్పుడు నీళ్ళు ఇక్కడ పారాయి అని కర్రతో గీసి చూపిస్తే, రెండు రోజులు పని ఆపి, కొలిచి, తూమును ఆ గీత దగ్గరికి జరిపారట. బావ దాన్ని వింతలాగా చెప్పాడు. నేనూ వింతలాగానే విన్నాను.

అదే ఏడు మా ఊరి గేటు తీసేసి కట్ట కింద నుంచి దారి చేస్తామని చెప్పారు. ఊరంతా సంబరం. కొబ్బరికాయ కొట్టినప్పుడు మా అత్త కూడా నా చెయ్యి పట్టుకుని వచ్చి నిలబడింది. ఇక గేటు దగ్గర ఎండలో కూర్చోనక్కర్లేదు కదా అని ఆమె ఆశ. కట్టకు రెండు వైపులా దారిని పల్లంగా తవ్వుకుంటూ వచ్చారు. తవ్విన మట్టి మంచి గట్టి మట్టి. దాని కోసం ఊళ్ళో వాళ్ళం కాంట్రాక్టరు మనిషి చుట్టూ తిరిగాం.

మట్టి గోల మా వైపు వాళ్ళకే అర్థమవుతుంది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే వేస్తారు, జానెడు లేస్తుంది. ఇల్లు రోడ్డు కంటే పల్లంలోకి దిగిపోతుంది. పల్లంలో ఉన్న ఇల్లంటే నామోషీ. పిల్లనిచ్చే వాళ్ళు కూడా వాకిలి ఎత్తు చూసి మాట్లాడతారు. అందుకని మట్టి కనపడితే చాలు, పెరట్లో తోలించుకుంటాం. మా పెరడు ఊరందరి కంటే పల్లం. దాని వెనక మనిషి లోతు పాత కాలువ ఒకటి ఉండేది, నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ అందులో నీళ్ళు పారింది చూడలేదు, తుంగా పాములూ తప్ప ఏమీ లేవు. శుక్రవారం ఫోనులో బావను అడిగాను. మట్టి ఊరికే వస్తుంటే అడిగేదేముంది, కాలువ పూడ్చి బర్రెకు చావిడి వేసేయమన్నాడు. పద్నాలుగు ట్రాక్టర్లు తోలించాను. నన్ను చూసి పక్కింట్లో ఉండే చిన్నాయన, మా నాన్నకూ అత్తకూ తమ్ముడు, తోలించుకున్నాడు, ఆయనను చూసి ఆ తర్వాత ఇద్దరు. మా చావిడి రేకులది, చూడముచ్చటగా కుదిరింది. పెరడు రోడ్డు కంటే మూరెడు ఎత్తు లేచింది. నాలుగు రోజులు అందరినీ పిలిచి చూపించాను.

దారి తయారయ్యాక గేటు పీకేశారు. మొదటి వాయుగుండం కార్తీకంలో వచ్చింది. తెల్లారి చూస్తే కట్ట కింద దారి లేదు, నీళ్ళున్నాయి. వాన వెలిసినా పోలేదు. మూడు రోజులు, నాలుగు రోజులు, పాకుడు పట్టి పచ్చగా అయ్యాయి. దానికి పెట్టిన పెద్ద పేరు ఎవరికీ నోరు తిరగలేదు కానీ గుంత అన్న పేరు ఆ వారంలోనే స్థిరపడింది.

మా అత్తను నెల్లూరు తీసుకుపోయే ఆటో అన్న సొంతూరు బిట్రగుంట. సాయిబుల మనిషి, మాటకారి. వెదురు కర్రకు ఎర్ర టేపు చుట్టి ఆటోలో పెట్టుకునేవాడు. టేపు ఉన్నది ఆటో సైలెన్సరు ఎత్తున. గుంత అంచున దిగి, లుంగీ ఎగ్గట్టి, మధ్య దాకా నడిచి కర్ర దించి చూసేవాడు. టేపు తడిస్తే ఆటో రాదు.

“ఇది దారి కాదక్కా, మనకు ఊరికే తవ్విచ్చిన చెరువు. చేపపిల్లల్ని వదిల్తే వచ్చే ఏడాదికి పట్టుకోవచ్చు. నేనూ ఆటో మానుకోని వల కొనుక్కుంటా” అన్నాడు.

ఆ రోజు నాకు నవ్వు రాలేదు. టేపు మునిగి ఆ పైన జానెడు నీళ్ళున్నాయి.

టేపు తడిసిన రోజు కట్ట ఎక్కి దాటాలి. ఆటో అన్న అవతల నిలబడతాడు, మేము ఇవతల నుంచి ఎక్కుతాం. కంకర రాళ్ళు కాలి కింద జారతాయి. అత్తది బరువైన ఒళ్ళు, నీరు పట్టిన కాళ్ళు. నేను వెనక నుంచి నడుం పట్టి నెట్టాలి. మొదటిసారి ఎట్లాగో దాటించాను. రెండోసారి, అది మిషను ఒకసారి తప్పిన వారం, పట్టాల మధ్యకు వచ్చాక ఆమె కూలబడింది. ఇక నా వల్ల కాదు అంటూ పట్టా మీద చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి తీయకుండానే, బండి వస్తా ఉన్నట్టుందని నెమ్మదిగా చెప్పింది. పట్టాలో అదురు ఆమె చేతికి తెలిసింది. నాకు కూత ఇంకా వినపడలేదు. ఇన్నేళ్ళు కూతను గుర్తుపట్టానని గొప్పలు పోయిన దాన్ని. ఆటో అన్న అవతల నుంచి పరుగెత్తుకొచ్చి చంకల కింద చేతులు వేసి లాగాడు. ముగ్గురం కంకర మీద దొర్లి కిందికి వచ్చాం. బండి పోయేసరికి మా అత్త చెప్పు ఒకటి పట్టాల అవతలే ఉంది. పోయి తెస్తానంటే వద్దంది. నెల్లూరులో మిషను మీద ఒంటి చెప్పుతోనే పడుకుంది.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అర్జీలు రాయించాను. నాకు రాయడం వచ్చు కానీ అర్జీ భాష రాదు, అందుకని బడిలో అయ్యవారితో రాయించి కాళ్ళు నొప్పి పుట్టేలా తిరిగి ఊరందరి సంతకాలు నేనే దగ్గరుండి పెట్టించాను. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పంపారు. కట్ట ఒకరిదట, దారి ఒకరిదట, దారిలో నిలిచిన నీళ్ళు ఎవరివో తేలలేదు. మోటారు పెట్టి తోడిస్తామన్నారు. మోటారు వచ్చింది, దాని గొట్టం పొట్టిది. తోడిన నీళ్ళు దారి అంచున పోస్తే మళ్ళీ దారిలోకే వచ్చాయి. రెండో రోజు మోటారు కూడా పోయింది.

ఈ ఏడు తొలి వానలు పడ్డాక చివరికి ఒక పెద్ద సారు చూడటానికి వచ్చాడు. ఊరంతా గుంత చుట్టూ నిలబడ్డాం. ఆయన చేతిలో చుట్టిన కాగితం విప్పి, నీళ్ళు పోవడానికి పైపు వేశాం, కాగితంలో ఉంది, పాత కాలువలోకి పోవాలి అన్నాడు. నేను ఆగలేదు.

“కాగితంలో ఉంటే మా నీళ్ళు కాగితంలోకి పోతాయా సారూ? పైపు తినేసినారు, వేసినట్టు రాసుకున్నారు. మీ అమ్మను తీసుకోని ఒక్కసారి ఆ కంకర ఎక్కండి, అప్పుడు తెలస్తాది” అన్నాను.

ఆడవాళ్ళు అవునవునన్నారు. చిన్నాయన అయితే మా పిల్ల మాట్లాడితే మాట్లాడినట్టేనని నలుగురికీ వినపడేట్టు అన్నాడు. సారు కాగితం చుట్టేసి జీపెక్కాడు. పోతూ పోతూ, కాలువ ఎక్కడ అని ఒకరిని అడిగాడట. ఇప్పుడు లేదులే సార్ అని అతను చెప్పాడట. ఆ మాట నా దాకా రాలేదు, తర్వాత తెలిసింది. ఆ పూట నేను ఇంటికి వచ్చి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

శుక్రవారం బావకు అంతా చెప్పాను. సారు ముందు అన్న మాటలు రెండుసార్లు చెప్పాను. బావ మెచ్చుకుంటాడనుకుంటే, పైపు వేశామన్నాడా, ఏ కాలువ అన్నాడు అని అడిగాడు. వానలు పడి అప్పటికి వారం తెరిపి, గుంత అడుగున బురద మాత్రమే ఉంది. ఫోను పట్టుకుని అక్కడికి పొమ్మన్నాడు. ఎండలో గుంతలోకి దిగాను. ఫోను గోడల మీద తిప్పమంటే తిప్పాను. తూర్పు గోడ మొదట్లో ఇనప జాలీ ఒకటి ఉంది, బురద కింద. ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు, చూసేటప్పటికి ఎప్పుడూ నీళ్ళే కదా. చెప్పుతో బురద గీకి ఫోను జాలీకి ఆనించాను.

“పైపు ఉండాది మే. మంచి పైపే” అన్నాడు బావ.

నేను జాలీలోకి తొంగి చూశాను. ఉంటే మరి నీళ్ళెందుకు పోవడం లేదు? దారి పైకెక్కి, జాలీకి నేరుగా తూర్పుకు నడవమన్నాడు. అడుగులు లెక్కపెట్టమన్నాడు. మేస్త్రీల పద్ధతి అది, పైపు పొడుగునా ఇన్ని అడుగులకు ఒకటని మూతలు పెడతారు. నలభై అడుగులకు గడ్డిలో సిమెంటు మూత కనపడింది. దాని మీద మా ఊరి వాళ్ళు పిడకలు చేసి ఉన్నారు. ఇంకో నలభై అడుగులకు ఇంకో మూత. అది చిన్నపిల్లలు బొంగరాలు ఆడే బండ, నేనూ దాని మీద ఎన్నోసార్లు కూర్చుని ఆటో కోసం చూశాను. అక్కడి నుంచి మళ్ళీ నడిచాను. ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై రెండు. అక్కడ దారికి రేకుల గోడ అడ్డం వచ్చింది. లోపల నుంచి మా బర్రె నా అడుగుల చప్పుడు విని అరిచింది.

ఫోను రేకుల గోడ వైపు తిప్పి బావకు చూపించాను.  

“మట్టి తోలిచ్చుకోమని నేనే గదా చెప్పింది” అన్నాడు.

“నువ్వే చెప్పినావు. తోలిచ్చుకునింది నేను” అన్నాను.

పైపు వేసిన వాళ్ళూ చూసే ఉంటారు, ముందర కాలువ లేదని. ఒక మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు, మట్టి కప్పేసి పోయారు. వాళ్ళను తిట్టుకుంటూ చావిడి గోడకు ఆనుకుని అక్కడే కూర్చున్నాను. తిట్టేకొద్దీ తిట్లు నా మీదకే వస్తున్నాయి. ఎడారిలో గొర్రెలు కాసుకునే ముసలాయన వచ్చి నీళ్ళ దారి చెప్పి పోయాడు. నేను ముప్పై ఏళ్ళుగా ఆ కాలువ గట్టున బట్టలు ఆరేసుకున్న దాన్ని.

అత్తకు చెప్పకుండా దాచాలని చూశాను. పంచలో కూర్చుని నా మొహం చూస్తూనే ఆమెకు తెలిసిపోయింది. చెప్పాను.  చావిడి రేకులు ఎన్ని, మేకులు ఊడదీస్తే మళ్ళీ పనికొస్తాయా అని అడిగింది. నన్ను ఒక మాట అన్నా బాగుండేది. ఒంటి చెప్పుతో మిషను మీద పడుకున్న మనిషి.

ఇంకో వాయుగుండం పట్టిందని, ఆదివారానికి వానలని టీవీలో చెబుతున్నారు. సోమవారం మిషను రోజు. శనివారం పొద్దున్నే చావిడి విప్పించి, పొక్లెయిను పిలిపించి, మా పెరట్లో పద్నాలుగు ట్రాక్టర్ల మట్టినీ తీయించాను. తీసిన మట్టి రోడ్డు పక్కకు పోసుకున్నాం. మట్టి కింద పాత కాలువ అడుగు తగిలింది, తుంగ దుబ్బులు ఇంకా కుళ్ళకుండానే ఉన్నాయి. పైపు నోరు కనపడింది. గుడ్డపేలికలు, మట్టి అన్నీ లాగితే ఒక్కసారిగా నల్లటి నీళ్ళు వచ్చి పొక్లెయిను నడిపే ఆయన బూట్లు తడిపాయి.

ఊరంతా మళ్ళీ వచ్చింది చూడటానికి. ఎవరో ఒకామె, సారు మీద అంత ఎత్తున లేచినావే, పైపును బర్రె కింద దాచిపెట్టుకునింది నువ్వా అంది. పడ్డాను. పడాల్సిన మాటే. నా బాధ అది కాదు. కాలువ మా పెరటితో అయిపోదు కదా. చిన్నాయన పెరడు, దాని తర్వాత ఇంకో రెండు పెరళ్ళు, ఆ తర్వాత చేలు, వాగు. నా ఒక్కదాని పెరడు తవ్వితే నీళ్ళు వచ్చి నా పెరట్లోనే నిలబడతాయి. పొక్లెయిను ఎటూ ఊళ్ళో ఉంది, మీ పక్క కూడా తీయిద్దాం చిన్నాయనా అని అడిగాను.

ఆయన కొత్త మట్టి మీద సిమెంటు చేయించి గడ్డివామి వేసుకున్నాడు. వామి వైపు చూశాడు, నా వైపు చూశాడు.

“కోతలు అయినాక చూద్దాంలే అమ్మాయ్. కాలువ ముందు నువ్వే గదా పూడ్చింది, నిన్ను చూసి గదా మేము పూడ్చింది” అన్నాడు.

ఆ తర్వాతి పెరళ్ళ వాళ్ళనూ అడిగాను. మిగిలిన ఇద్దరూ చిన్నాయన తవ్విస్తే తవ్విస్తామన్నారు. పొక్లెయిను వెళ్ళిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం మొదలైన వాన సోమవారం తెల్లారినా ఆగలేదు. ఆటో అన్న వచ్చాడు. గుంత అవతల దిగి, లుంగీ ఎగ్గట్టి, కర్రతో నడిచాడు. నేను ఇవతల గొడుగు కింద నిలబడి చూస్తున్నాను. వెనక ప్లాస్టిక్ కుర్చీలో అత్త. అతను మధ్య దాకా వచ్చి, కర్ర దించి, పైకెత్తి మాకు చూపించాడు. టేపు పొడిగా ఉంది. చీలమండ దాకే నీళ్ళు. ఆటో ఆ నీళ్ళను రెండు పక్కలకూ చిమ్ముకుంటూ ఇవతలకు వచ్చింది. మా అత్త కాలు కంకర మీద పెట్టకుండా, ఒళ్ళు తడవకుండా నెల్లూరు పోయింది. దారిలో ఆటో అన్న, ఇక వల అమ్ముకోవాల్సిందేనక్కా అన్నాడు.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి మా పెరడు చెరువైంది. గుంతలో నీళ్ళన్నీ మా దగ్గర ఉన్నాయి. రెండో మెట్టు మునిగింది. బర్రె పంచలో, బావ మంచం పక్కన కట్టేసి ఉంది, అదీ మేమూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అత్తను ముందు గదిలో పడుకోబెట్టి బావకు ఫోను చేశాను. అది శుక్రవారం కాదు, పనిలో ఉంటాడు, అయినా ఎత్తాడు. వెనక ఇసక గాలి హోరు.

“చూడు బావా. నీ మంచి పైపు బ్రమ్మాండంగా పనిచేస్తా ఉండాది” అని ఫోను పెరటి వైపు తిప్పాను.

“అమ్మ పోయొచ్చినాదా?”

“వచ్చినాది. నిద్రపోతా ఉండాది.”

“అయితే సరే” అన్నాడు.

ఏం సరే? ఆయనకేం, ఎడారిలో ఉన్నాడు. ఇక్కడ పొయ్యి దగ్గర పేడ వాసన. ఆ మాటే అందామనుకున్నాను. కానీ ఫోనులో ఆయన కళ్ళు తుడుచుకోవడం కనపడింది. ఇసకో ఏమో, అడగలేదు.

మంగళవారమూ వాన ఉంది. ఆటో అన్న దగ్గర ఇంకో కర్ర అడిగి తీసుకుని చిన్నాయన గట్టు పక్కన మా నీళ్ళలో పాతాను. గురువారం మళ్ళీ మిషను. మా పెరడు నిండిపోతే ఆ పైన నీళ్ళు గుంతలోనే ఆగుతాయి. కర్రనీ ఆకాశాన్నీ చూసుకుంటూ అన్నం వండాను. బుధవారం పొద్దున తలుపు తీసేసరికి చిన్నాయన గట్టు మీద ఉన్నాడు, పారతో. నీళ్ళు గట్టు దాటి ఆయన సిమెంటు మీదకు ఎక్కి వామి అడుగు వరస తడిపాయి. ఆయనా ఇంకో మనిషీ కలిసి గట్టుకు గండి కొట్టి, సిమెంటు పక్కగా కాలువ తీస్తున్నారు. నన్ను చూసి తల ఎత్తలేదు. మా అత్త కిటికీలో నుంచి చూసి, తమ్ముడికి కాస్త కాఫీ ఇవ్వవే అంది. ఇచ్చాను. అక్క కోసం రాని పార వామి కోసం వచ్చింది, అయినా చక్కెర వేసే ఇచ్చాను.

గురువారం టేపు తడవలేదు. చిన్నాయన పెరడు దాటాక ఇంకా రెండు పెరళ్ళున్నాయి. నీళ్ళు ఇప్పుడు వాళ్ళ గోడ దగ్గర నిలబడి ఉన్నాయి. రోజూ పొద్దున నా కర్ర పీకి, నీళ్ళ ఎత్తు వాళ్ళకు కనపడేట్టు ఆ గోడ పక్కన పాతి వస్తున్నాను.